చక్రాల పుట్టిల్లు

ఇంకాసేపట్లో కరెంటు రావాలి, కరెంటు వస్తే డాక్టరమ్మ వస్తుంది, డాక్టరమ్మ వస్తే పొద్దుటి నుంచి నా వల్లి కడుపులో తన్నుకులాడుతున్న ఆ బుడత బయటికి వస్తుంది, ఈ మూడూ వరస తప్పకుండా జరిగితే చాలు పెరుమాళ్ళా అనుకుంటూ నా ఇంటి గడపలో కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చున్నాను. నా ఇల్లు అంటే కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి మధ్య ఉన్న మా పాత మిద్దె కాదు. ఇది తగరపు రేకులు కొట్టిన చెక్క పెట్టె, రెండు రబ్బరు చక్రాల మీద నిలబడింది, ఒక కిటికీ, ఒక తలుపు, లోపల ఒక మంచం పట్టేంత చోటు. ఇప్పుడిది విరుదునగర్‌లో నా కూతురి అత్తగారింటి పెరట్లో ఉంది. ఎండ ఇంకా తగ్గలేదు, చిత్తిరై నెల ఎండ, రేకు వేడికి వీపు ఆనించలేక ముందుకు వంగి కూర్చున్నాను, ఎదురుగా గుంజకు కట్టిన మా ఎద్దులు మయిలై, సెవలై నెమరేస్తూ నన్నే చూస్తున్నాయి. ముప్ఫై మైళ్ళు ఈ డబ్బాను ఎందుకు లాగించావమ్మా అని అడుగుతున్నట్టే ఉంది వాటి వాలకం. అడగండిరా, తప్పేముంది, దారి పొడుగునా అందరూ అడిగారు.

సాత్తూరు దగ్గర దోసకాయలు అమ్మే ఆవిడ గంప దించి మరీ చూసింది. లోపల దొర ఉన్నాడేమో అనుకుని నేను తొంగిచూసేసరికి నవ్వు ఆపుకోలేక రెండు కాయలు ఊరికే ఇచ్చింది. నిజానికి ఇది దొర బండే. పత్తి చూడడానికి ఊరూరా తిరిగే ఒక ఇంగ్లీషు దొర దీన్ని చేయించుకున్నాడు, మోటారు కారు వెనక తగిలించుకుని వచ్చేవాడు, పొలం గట్టు మీద నిలిపి అందులోనే వండుకుని అందులోనే పడుకునేవాడు. ఎవరింటి గడపా తొక్కాల్సిన పని లేదు, ఎవరి మంచమూ అడగాల్సిన పని లేదు, మనిషికి ఇంతకంటే ఏం సుఖం కావాలి అని నాకు అప్పుడే అనిపించింది. ఆ దొర తన దేశానికి పోతూ దీన్ని మా ఇంటాయనకు వదిలిపోయాడు. ఊళ్ళో అందరూ పెరుమాళ్సామి నాయకర్ అని పిలిచే మా ఇంటాయన దీన్ని తెచ్చి పశువుల కొట్టం పక్కన పెట్టి, పత్తి విత్తనాల మూటలు వేసుకుందామన్నాడు. నేను ఊరుకుంటానా, నోరు మూసుకుని కడిగి, ముగ్గు పెట్టి, తలుపుకు పసుపు రాసేశాను. పసుపు రాసిన తలుపు వెనక మూటలు ఎట్లా వేస్తాడు, చూస్తూ నిలబడిపోయాడు పాపం. అప్పటికి వల్లికి నాలుగో నెల కూడా రాలేదు, దీనితో ఏం చేయబోతానో నాకూ తెలియదు. కానీ ఇల్లు అనేది చేతికి దొరికితే వదలకూడదు.

అయిదో నెలలో వల్లికి కొంచెం రక్తం కనబడింది. ఇక్కడి ఆసుపత్రి డాక్టరమ్మ చూసి, పిల్ల మంచం దిగకూడదు, బండీ ఎక్కకూడదు, బస్సూ ఎక్కకూడదు, పురుడు అయ్యేదాకా ఊరు కదలకూడదు అని చెప్పేసింది. మా వాళ్ళలో తొలి పురుడు పుట్టింట్లోనే పోయాలి, అది మా అమ్మ నుంచి, మా అమ్మమ్మ నుంచి తప్పలేదు. ఒక్కసారి తప్పింది, మా అక్కకు. వానలకు దారి తెగి ఆమె అత్తవారింట్లోనే నొప్పులు పడింది, అంతే, ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ పూర్తిగా చెప్పుకోరు. అది ఇల్లు మారినందుకు జరిగిందా, చేతకాని మంత్రసాని వల్ల జరిగిందా, నాకు తెలియదు. కానీ వల్లికి చిన్నప్పటి నుంచి ఆ పెద్దమ్మ పేరే పెట్టి పిలుచుకున్నాం కదా, అందుకే నా గుండెల్లో ఆ భయం పోదు. వల్లికీ పోదు. అత్తగారింటి మంచం మీద పడుకుని, చూడడానికి వచ్చిన నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, నేను నీ ఇంట్లోనే కంటాను. ఇంక యాడా కనను" అంది. డాక్టరమ్మ కదలొద్దంటుంది, పిల్ల నీ ఇల్లే కావాలంటుంది, అప్పుడు వెలిగింది నా బుర్రలో దొర డబ్బా. పిల్ల పుట్టింటికి పోకూడదు, సరే, పుట్టిల్లే పిల్ల దగ్గరికి పోతే ఎవరు ఆపుతారు. ఈ మాట చెప్పినప్పుడు మా ఇంటాయన మొదట నవ్వాడు, తర్వాత నవ్వడం ఆపి ఎద్దులకు లాడాలు కొట్టించాడు.

అదిగో, మా అల్లుడు గోవిందరాజ్ మళ్ళీ వాళ్ళ మిద్దె గోడ దగ్గరికి పోతున్నాడు, భుజం మీద వైరు చుట్ట, నోట్లో రెండు మేకులు. మిల్లులో కరెంటు పని అతనిది, పెద్ద పెద్ద మోటార్లు అతని మాట వింటాయట. మనిషి మంచివాడు, మాట తక్కువ, నా ముందు అయితే అసలే లేదు. ఉండకూడదు కూడా. అత్తా అల్లుడూ ఎదురుపడి మాట్లాడుకోవడం మా ఇళ్ళలో లేదు. పెళ్ళై మూడేళ్ళయింది, ఈ మూడేళ్ళలో అతను నాకు చెప్పాల్సినవన్నీ వల్లికో స్తంభానికో చెప్పాడు, నేను చెప్పాల్సినవి మా ఇంటాయనకో ఎద్దుకో చెప్పాను, అన్నీ చేరాల్సిన చోటికే చేరాయి. ఇంకొకటి కూడా ఉంది. కూతురికి బిడ్డ పుట్టేదాకా ఆ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు తాగను. ఇదేదో పంతం కాదు, మా అమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు చెంబు నీళ్ళు తనతో తెచ్చుకుని గడప బయట కూర్చుని తాగడం చూశాను, నాకు మొదటివాడు పుట్టాక నన్ను దిగబెట్టడానికి వచ్చిన రోజు ఆమె మా ఇంటి కుండలో ముంచుకుని తాగిన తాగుడు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. అందుకే మా ఊరి బావి నీళ్ళు రెండు కుండలు డబ్బాలో పెట్టుకుని వచ్చాను. ఒకటి నిన్నటితో అయిపోయింది, ఒకటి ఉంది. బియ్యం నాదే, ఉప్పు నాదే, కషాయం కాచే కుంపటికి బొగ్గు కూడా నాదే. వియ్యపురాలు మూక్కమ్మాళ్ ఈ ఏర్పాటంతా చూసి, మా ఇంటి నీళ్ళలో ఏమన్నా విషం కలిపానా అని అడిగింది, తర్వాత తనే నవ్వింది, ఆమె కూతుళ్ళ ఇళ్ళకు పోయినప్పుడు ఆమె కూడా ఇదే చేస్తుంది.

కానీ కరెంటు సంగతి దగ్గర నాకే చిక్కొచ్చింది. డాక్టరమ్మ వచ్చి డబ్బా చూసింది, మంచం చూసింది, నేల గుడ్డతో తుడిచి గుడ్డ చూసుకుంది, అంతా బాగుంది కానీ లాంతరు వెలుగులో నేను ముట్టుకోను అంది. బిడ్డ ఒకసారి అడ్డం తిరిగింది, తను సర్దింది, మళ్ళీ తిరిగితే కళ్ళకు బాగా కనబడాలి, ఇంత చిన్న డబ్బాలో కిరసనాయిలు మంట పెట్టుకుని పని చేయలేను, కరెంటు దీపం వెలిగిందని కబురు చేస్తే వస్తాను, లేదంటే పిల్లను ఆసుపత్రికి తెచ్చుకోండి అంది. మరి కరెంటు ఎక్కడిది, అల్లుడి ఇంటిది. వాళ్ళ మీటరు నుంచి వచ్చి నా ఇంట్లో వెలుగుతుంది. ఇది వాళ్ళింటి నీళ్ళు తాగినట్టా కాదా? ఆమె ఆ మాట అన్నప్పటి నుంచి నాకు ఇదే ఆలోచన. మా ఇంటాయన ఎద్దులకు కుడితి పెడుతూ, "కరెంటు తాగేదా, తినేదా? గాలి మాదిరి. వాళ్ళింటి మీద నుంచి వచ్చే గాలి నువ్వు పీల్చడం లేదా?" అన్నాడు. అది నాకు నచ్చింది. ఆయన మాట నాకు నచ్చడం ఏడాదికి ఒకసారి జరుగుతుంది, ఈ ఏడాదికి అది అయిపోయింది.

గోవిందరాజ్ అయితే పంతులు పూజకు సర్దుకున్నట్టు సంక్రాంతి వచ్చే తైమాసం నుంచే అన్నీ సిద్ధం చేసిపెట్టాడట. నేలలో ఒక ఇనుప గొట్టం నిలువుగా పాతాడు, డబ్బా వచ్చాక దాని ఇనుప చట్రానికీ ఈ గొట్టానికీ రాగి తీగ బిగించాడు. దీన్ని ఎర్తు అంటారట. డబ్బా రబ్బరు చక్రాల మీద ఉంది కాబట్టి దానికి నేల తగలదు, ఎక్కడైనా వైరు చెడి కరెంటు రేకులోకి దిగితే పోయే దారి లేక అక్కడే కాచుకుని ఉంటుంది, తాకిన మనిషిలోంచి నేలలోకి దిగుతుంది, అందుకని ముందే దానికి వేరే దారి చూపించాలి అని నిన్న సాయంత్రం వసారా స్తంభానికి వివరంగా చెప్పాడు. స్తంభం ఎంతవరకు గ్రహించిందో కానీ నేను అంతా గ్రహించాను. తడి చేతులతో స్విచ్చి తాకకూడదని కూడా చెప్పాడు. నా అల్లుడు నాకు చదువు చెబుతున్నాడు అని లోపల ఎంత ఉబ్బిపోయానో. మా ఊళ్ళో ఎవరికి ఉన్నాడు ఇట్లాంటి అల్లుడు, అందరి అల్లుళ్ళూ పత్తి రేటూ మిరప రేటూ చెబుతారు.

స్విచ్చి వేసినట్టున్నాడు. అబ్బ, అబ్బ, ఏమి వెలుగు ఇది, ఇంకా పొద్దు ఉండగానే డబ్బా లోపల మరో పొద్దు పొడిచింది. మంచం మీద దుప్పటి ముడతలు, మూల నా కుండ, దాని మీద నీటి చెమట, దొర ఎప్పుడో గోడకు కొట్టిన మేకు, చెక్క నేల మీద నేను తుడవని ఒక మరక, అన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి, ఆ మరక చూసి నాకు సిగ్గేసింది. నా మొదటి కాన్పులో లాంతరు పట్టుకున్న ముసలమ్మ చెయ్యి వణికి గోడల మీద నీడలు ఊగుతుంటే నేను ఆ నీడలనే చూస్తూ నొప్పి మర్చిపోయాను. నా వల్లికి చూసుకోవడానికి నీడలే ఉండవు, ఏం చేస్తుందో ఏమో. వసారాలో కూర్చున్న మా ఇంటాయన లేచి అంగవస్త్రం భుజాన వేసుకున్నాడు. దీపం వెలిగింది, ఇంక డాక్టరమ్మను తీసుకొస్తానని జట్కా కోసం పోయాడు. వెళ్ళైసామి, మా బండి తోలే మనిషి, ఎద్దులకు గడ్డి కోసం ముందే పోయి ఉన్నాడు. పెరట్లో నేనూ ఎద్దులూ అల్లుడూ మిగిలాం. ఆడవాళ్ళు లోపల వల్లికి వేడినీళ్ళు పోస్తున్నారు, వల్లి మూలుగూ నీళ్ళ చప్పుడూ వినిపిస్తున్నాయి, మధ్యలో మూక్కమ్మాళ్ ఏదో అంటే వల్లి నవ్వడం కూడా వినిపించింది. నొప్పుల్లో నవ్వే పిల్ల, అది నా నుంచే వచ్చింది.

ఆ మరక తుడుద్దామని కిందికి దిగి, దండెం మీద ఆరేసిన గుడ్డ తీసుకుని, తిరిగి వచ్చి తలుపు పిడి పట్టుకున్నాను. చీమ కుట్టింది. చెయ్యి విదిలించి చూస్తే చీమ లేదు. మళ్ళీ పట్టుకున్నాను, మళ్ళీ కుట్టింది, ఈసారి ఒక చీమ కాదు, మోచేతి దాకా ఒక వరస పాకింది. పిడికి ఏమీ లేదే, ఎండకు కాలిందేమో, కాలితే ఇట్లా జుమ్మనదు కదా. వేళ్ళు తిప్పి వెనక వైపుతో రేకును తాకాను. కరిచింది. స్తంభానికి చెప్పిన మాటలన్నీ ఒకటొకటిగా తిరిగొచ్చాయి, వైరు చెడితే రేకులోకి దిగుతుంది, దారి లేక కాచుకుని ఉంటుంది. మరి దారి చూపించాడు కదా, గొట్టం పాతాడు కదా, రాగి తీగ బిగించాడు కదా, నా కళ్ళతో చూశాను. మరి నన్నెందుకు కరుస్తోంది. అతనికి ఎందుకు తెలియలేదు, దీపం వెలిగాక కూడా రెండు మూడు సార్లు ఈ రేకును తాకాడే. అతని కాళ్ళ వైపు చూశాను. మిల్లులో ఇచ్చిన రబ్బరు అడుగు జోడు. ఈ పెరట్లో జోడు వేసుకున్నది అతనొక్కడే. నేను పొడి కాళ్ళతో పొడి నేల మీద నిలబడ్డాను కాబట్టి చీమతో సరిపోయింది. ఇప్పుడు వల్లి వస్తుంది. తల నుంచి కాళ్ళ దాకా వేడినీళ్ళు కారుతూ, తడి కాళ్ళతో, నేలంతా తడి చేసుకుంటూ వచ్చి ఇదే పిడి పట్టుకుంటుంది.

మా ఇంటాయన ఉంటే ఆయనతో చెప్పేదాన్ని. ఆయన లేడు. మూక్కమ్మాళ్‌తో చెబుదామంటే ఆమె లోపల ఉంది, పైగా ఆమె కొడుకు పనిలో తప్పుందని ఆమెకు ఎట్లా చెప్పను. అతనికి ఎట్లా చెప్పను. మూడేళ్ళు అతని నీడ తొక్కకుండా తిరిగినదాన్ని, నోరు తెరిచిన మొదటి మాటే నీ పని తప్పు అని అనాలా. గోవిందరాజ్ అక్కడ పది అడుగుల దూరంలో వైరు చుట్టలు సర్దుకుంటున్నాడు, ఆ ముఖంలో ఎంత తృప్తి. ఎద్దు వైపు తిరిగి, గట్టిగానే అన్నాను.

"ఏమిరా మయిలై, ఈ డబ్బా నిన్నేమన్నా కరిసిందా? నన్నైతే కరుస్తాండాది."

మయిలై చెవులు ఊపింది. గోవిందరాజ్ మర్యాదగా ఇంకొంచెం అవతలికి జరిగాడు, అత్తగారు ఎద్దుతో మాట్లాడుకుంటుంటే వినకూడదని. అయ్యో నా మర్యాదస్తుడా అనుకునేలోపే వంటింటి వాకిట్లోంచి మూక్కమ్మాళ్ గొంతు వచ్చింది.

"సంబందీ, నీళ్ళు పోసేసినాం. పిల్లను పిలుచుకొస్తాండాం, తలుపు తీసిపెట్టండి."

వాకిట్లో వల్లి కనబడింది, తడి చీర, తడి జుట్టు, ఒక చెయ్యి వియ్యపురాలి భుజం మీద, ఒక చెయ్యి కడుపు కింద. అది నన్ను చూసి నవ్వింది. నాకు మా అక్క గుర్తొచ్చింది, ఆమె ముఖం నాకు సరిగ్గా తెలియదు కూడా, అయినా గుర్తొచ్చింది. కొంగు నడుముకు దోపి, డబ్బా తలుపుకు అడ్డంగా నిలబడి, నా అల్లుడి ముఖంలోకి సూటిగా చూశాను.

"అల్లుడా, కరెంటు ఆపండి. డబ్బా కరుస్తాండాది. మీ కాళ్ళకు జోడుండాది, మీకు తెలియలేదు."

గోవిందరాజ్ ఒక్క క్షణం నన్ను చూశాడు, నేను మాట్లాడానన్నది ముందు చేరిందో, మాట ముందు చేరిందో తెలియదు, వైరు చుట్ట అక్కడే పడేసి మిద్దెలోకి పరిగెత్తి మెయిను ఆపేశాడు. డబ్బాలో పొద్దు కుంగిపోయింది. వల్లిని అక్కడే వాకిట్లో కూర్చోబెట్టమని చేత్తో సైగ చేశాను. తర్వాత అతను రెండు తీగల చివర ఉన్న చిన్న దీపం తెచ్చాడు, మళ్ళీ మెయిను వేయించి, ఒక తీగ రేకుకు, ఒక తీగ నీళ్ళు కారిన నేలకు పెట్టాడు. రేకులో కరెంటు ఉన్నట్టే, దీపంలో సన్నగా ఎర్రటి పురుగులా వెలుగు మెదిలింది. మళ్ళీ ఆపించాడు. తైమాసంలో వాన పడ్డాక పాతాను, అప్పుడు పరీక్ష చేశాను, బాగా పట్టింది, ఇప్పుడెందుకు పట్టడం లేదు అని తనలో తను, లేదా స్తంభంతో, అంటున్నాడు. నేను గొట్టం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఇది మా ఊరి మట్టే. నల్ల మట్టి. పుట్టిన దగ్గర నుంచి దీన్ని చూస్తున్నాను, వానలో ఉబ్బి కాలిని వదలదు, చిత్తిరైలో ముడుచుకుని పోయి ముక్కలు ముక్కలుగా నెర్రెలిస్తుంది, మేక పిల్ల కాలు ఇరుక్కునేంత. గొట్టం పక్కన వేలు పెట్టాను, చెయ్యి మణికట్టు దాకా లోపలికి పోయింది. గొట్టం నేలలో లేదు, గాలిలో నిలబడి ఉంది. మూడు నెలల కింద నేల దాన్ని పట్టుకుంది, ఎండ ముదిరాక మెల్లగా వదిలేసింది, పట్నంలో పెరిగినవాడికి ఇది ఎవరు చెబుతారు. ఆ నెర్రెలో నా చెయ్యి చూశాడు, అతనికి అర్థమైంది. స్తంభాన్ని చూడలేదు, నన్నే చూశాడు.

"అత్తా, ఈడ చిత్తిరైలో గూడ తడి ఆరని చోటు యాడుండాది?"

"బట్టలుతికే రాతి కింద. ఆడ అరటి ఒక్కటే పచ్చగా ఉండాది, చూడలేదా?"

ఆ తర్వాత జరిగింది మా ఊళ్ళో చెబితే ఎవరూ నమ్మరు, నేను చెప్పను కూడా. అత్తా అల్లుడూ ఒకే గుంతలో దిగాం. అతను గునపం వేస్తే నేను మట్టి తోడాను, నేను గునపం వేస్తే అతను తోడాడు. అతని కంటే నా గునపం లోతుగా దిగింది, ఒకసారి ఆశ్చర్యంగా చూశాడు కూడా, ఏమనుకున్నాడు, పత్తి చేలల్లో నేను గొడుగు పట్టుకుని నిలబడతాననా. మూక్కమ్మాళ్ బుగ్గ మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయింది. వాకిట్లో కూర్చున్న వల్లి నొప్పి వచ్చినప్పుడు పళ్ళు బిగబట్టి, నొప్పి పోగానే మమ్మల్ని చూసి కిసుక్కున నవ్వుతోంది. చెయ్యి లోతున చల్లటి తడి మట్టి తగిలింది, మొలలోతు దాటేసరికి బంకగా వచ్చింది. గొట్టం దించాడు. బొగ్గు కావాలి, ఉప్పు కావాలి, అవి రెండూ పొరలు పొరలుగా వేస్తే తడి నిలబడుతుంది, కరెంటుకు దారి సుఖంగా ఉంటుంది అన్నాడు. వంటింటికి పోబోతుంటే ఆపాను. నా కుంపటి బొగ్గు ఉంది, తూత్తుకుడి ఉప్పు బస్తా ఉంది, ఇది నా ఇల్లు, నా ఇంటి ఎర్తుకు నా ఉప్పే పడాలి. నీళ్ళ దగ్గర మాత్రం ఒక్క నిమిషం తటపటాయించాను. బావి పెరటి అవతలి మూల ఉంది, చిత్తిరై నీళ్ళు అడుగున ఎక్కడో ఉన్నాయి, తోడి తెచ్చేసరికి డాక్టరమ్మ వచ్చేస్తుంది, చీకటి డబ్బా చూస్తే పిల్లను ఆసుపత్రికి ఎక్కించుకుని పోతుంది. నా కుండ పక్కనే ఉంది. మా ఊరి బావి నీళ్ళు, నిండు కుండ. ఎత్తి గుంతలో పోసేశాను. నల్ల మట్టి గుటకలు వేస్తూ తాగింది.

మట్టి కప్పి, తొక్కి, కొత్త తీగ బిగించి, అతను మెయిను వేశాడు. డబ్బా ఒక్కసారి మెరిసింది, మిద్దెలో టప్‌మని ఏదో పేలింది, డబ్బా లోపల మళ్ళీ చీకటి. మూక్కమ్మాళ్ దేవుడా అంది. నా నోట్లో తడి లేదు, మింగడానికి ఉమ్ము కూడా లేదు, ఇంత చేసి ఇదా అనుకున్నాను. గోవిందరాజ్ మిద్దెలోంచి బయటికి వచ్చాడు. నవ్వుతున్నాడు. పళ్ళు కనబడేట్టు అతను నవ్వడం నేను చూసిన మొదటిసారి అదే, ముందు పన్ను ఒకటి వంకర ఉందని కూడా అప్పుడే తెలిసింది.

"ఫ్యూజు పోయింది, అత్తా. ఎర్తు పట్టుకునింది. ఇంగ దొంగ దొరుకుతాడు."

నిజమే, దొంగ దొరికాడు. రేకులోకి కరెంటు దిగితే ఇప్పుడు అది నేలలోకి పరుగు పెడుతుంది, ఆ పరుగుకు ఫ్యూజు కాలిపోతుంది, కాలిపోతే కరెంటు ఆగిపోతుంది, మనిషిని కరిచే అవసరమే రాదు, అది అతను నాకే చెప్పాడు, మధ్యలో స్తంభం లేదు. మెయిను తీసేసి వైరు పొడుగునా వేళ్ళతో తడుముకుంటూ వచ్చి, అది రేకులోంచి లోపలికి పోయే బెజ్జం దగ్గర ఆగాడు. పొద్దున ఉలితో కొట్టిన బెజ్జం, అంచు కత్తిలా ఉంది. మేము ఎక్కి దిగుతుంటే డబ్బా స్ప్రింగుల మీద ఊగి ఊగి ఆ అంచు వైరు చర్మం కోసేసింది. దెబ్బ తిన్న వైరంతా తీసేసి కొత్తది లాగాడు, అంచును ఆకురాయితో రాశాడు, బెజ్జంలో పింగాణి గొట్టం దూర్చి దానిలోంచి వైరు పోనిచ్చాడు, నేను పోయి రాళ్ళు తెచ్చి చక్రాలకు అటూ ఇటూ, చట్రం కింద నాలుగు మూలలా పెట్టి బిగించాను, ఇంక ఊగు చూద్దాం అన్నాను డబ్బాతో. కొత్త ఫ్యూజు తీగ కట్టాడు. మెయిను. వెలుగు. ఫ్యూజు నిలబడింది. దీపం తీగలు రేకుకూ తడి నేలకూ పెట్టి చూశాడు, పురుగు మెదలలేదు. అప్పుడు అతను చేసిన పని నేను మర్చిపోను. వంగి రెండు జోళ్ళూ విప్పి పక్కన పెట్టాడు, తడి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడి, నా కంటే ముందు, వల్లి కంటే ముందు, తలుపు పిడి మీద వేలి వెనక వైపు ఆనించాడు. తర్వాత అరచెయ్యి మొత్తం వేశాడు. అప్పుడు పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

జట్కా గంటలు వీధిలో వినిపించినప్పుడు వల్లి నా మంచం మీద ఉంది. డాక్టరమ్మ బల్బు వైపు చూసి తల ఆడించింది, చేతులు కడుక్కుంది, ఇంక నాకు ఏదీ వరసగా గుర్తులేదు, వల్లి గోళ్ళు నా చేతిలో దిగడం, కిటికీలో పొద్దు ఎర్రబడి పోవడం, బయట మా ఇంటాయన చెప్పులు అటూ ఇటూ, అటూ ఇటూ, బిడ్డ మళ్ళీ కొంచెం తిరిగిందని డాక్టరమ్మ అనడం, ఆ తెల్లటి వెలుగులో ఆమె వేళ్ళు తొందరపడకుండా పని చేయడం, నా నాలుక అంగిలికి అతుక్కుపోవడం, నీళ్ళు, ఒక్క గుక్క నీళ్ళు, కుండ బోర్లా పడి ఉంది, లేవు, అడగను, వల్లీ తోయి, తోయి తల్లీ, అని నేనో డాక్టరమ్మో అనడం, అప్పుడు కీచుమని ఒక అరుపు, ఆ అరుపుకు మయిలై బయట రంకె వేయడం. చిన్న ముఖం, మూసిన పిడికిళ్ళు, వెలుగు కళ్ళలో పడి కోపంతో ఏడుస్తోంది. నా ఇంట్లో పుట్టింది. నా నాలుగు రేకుల పుట్టింట్లో పుట్టింది. వల్లి నన్ను చూసి, నొప్పి అంతా ఎక్కడికి పోయిందో, చూశావా అమ్మా అన్నట్టు కళ్ళెగరేసింది.

తలుపు తీసుకుని కిందికి దిగాను. పిడి పట్టుకున్నాను, కాళ్ళ కింద నేల తడిగా ఉంది, చీమ లేదు, ఏమీ లేదు, ఒట్టి తగరం. మూక్కమ్మాళ్ నన్ను దాటుకుని లోపలికి ఉరికింది, మా ఇంటాయన ఆమె వెనకే కిటికీ దగ్గర మెడ చాచాడు. గోవిందరాజ్ మాత్రం అక్కడ లేడు. బట్టలుతికే రాతి దగ్గర ఉన్నాడు, వట్టి కాళ్ళతోనే, బావి నుంచి తోడి తెచ్చిన నీళ్ళను ఎర్తు గుంతలో చెంబు చెంబుగా పోస్తున్నాడు, గుంత ఎప్పుడో నిండి అరటి మొదట్లోకి పారుతోంది, అది అతనికి కనబడడం లేదు. ఇన్నాళ్ళయితే ఇట్లాంటి కబురు ఒక మూడో మనిషి చెప్పాల్సి వచ్చేది. నేనే పోయి ఎదురుగా నిలబడ్డాను.

"అల్లుడా, ఆడబిడ్డ. తల్లీ బిడ్డా బాగుండారు."

అతను పోయడం ఆపి చెంబును రెండు చేతులా పట్టుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. చెంబులో ఇంకా సగం నీళ్ళు ఉన్నాయి, అతని ఇంటి బావి నీళ్ళు.

"ఎర్తుకు చాలు. ఆ నీళ్ళు నాకియ్యండి, దప్పికగా ఉండాది."

రెండు చేతులతో చెంబు ఇచ్చాడు. తల పైకెత్తి, చెంబును పెదవులకు కొంచెం ఎడంగా పట్టి, ఆఖరి చుక్క దాకా తాగాను.